బ్యాకప్ పాఠాలు – 4: సీ నుంచి డీకి కాపురం మార్పు

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తన సెట్టింగులు, లాగ్‌లు (తాను చేసిన పనుల చిట్టాలు) దాచుకునే ఫోల్డర్‌ను సీ డ్రైవ్ నుంచి డీ డ్రైవ్‌కు మార్చడమే ఈ పాఠం. మూడో పాఠంలో రోజూ రాత్రి 9 గంటలకు బ్యాకప్ దానంతట అదే నడిచేలా పెట్టుకున్నాం కదా, అది ఇప్పటికీ నడుస్తోందో లేదో ఒకసారి చూసుకోండి. నేను చూసుకోలేదు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాంటా కంప్యూటర్‌కు బ్యాకప్ పెట్టింది నేనే. యాసంగి వడ్ల ట్రాక్టర్లు రోడ్డు దాకా లైను కట్టిన రోజున ఫోను, "అన్నా, కాంటా చీటీ వస్తలేదు" అని. పోయి చూస్తే సీ డ్రైవ్ ఎర్ర గీతతో నిండి ఉంది. 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే విండోస్ చూపించే లెక్కలో 111 జీబీ, అందులో 38 జీబీ ఒక్క బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లాగ్ ఫైళ్లే! పక్కన 1 టీబీ డీ డ్రైవ్ ఖాళీగా పడి ఉంది. తప్పు నాదే, ఎప్పుడో ఒక ఎర్రర్ వెతకడానికి లాగ్ లెవెల్‌ను, అంటే చిట్టా ఎంత వివరంగా రాయాలనే సెట్టింగును, ప్రతి చిన్న విషయమూ రాసే డీబగ్‌కు పెంచి మళ్లీ దించడం మర్చిపోయాను.

అందుకే ముందు లాగ్ లెవెల్ చూడండి, తరలింపు తర్వాత. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్ దాగి ఉంటుంది, ఎక్స్‌ప్లోరర్ వ్యూలో హిడెన్ ఐటమ్స్‌కు టిక్ పెడితే బయటపడుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లు కాపురం పెట్టేది అక్కడే. సెట్టింగుల ఫైళ్లు చిన్నవి, బరువంతా లాగ్‌లదీ, ఏ ఫైల్‌ను ఎప్పుడు తీసుకుందో రాసుకునే డేటాబేసుదీ. పాత డీబగ్ లాగ్‌లను మాత్రం మోసుకుపోకండి, ఇల్లు మారేటప్పుడు చిత్తు కాగితాలను ఎవరైనా లారీ ఎక్కిస్తారా?

తర్వాత, ఫోల్డర్ మార్చుకునే సదుపాయం సాఫ్ట్‌వేర్‌లోనే ఉందేమో వెతకండి. డూప్లికాటి అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ డేటాఫోల్డర్ అనే ఆప్షన్ ఉంది, ఒక్కో బ్యాకప్ జాబు డేటాబేసును వేరే చోటికి జరిపే వీలు కూడా ఉంది. వాకిలి ఉండగా గోడ దూకడం ఎందుకు.

వాకిలి లేకపోతేనే జంక్షన్, అంటే పాత ఫోల్డర్ చోటు నుంచి కొత్త చోటికి దారి మళ్లించే విండోస్ లింకు. దుకాణం గడియారం సెంటర్ నుంచి బైపాస్‌కు మారితే పాత షట్టర్ మీద బోర్డు పెడతారు చూడండి, అలాంటిదే, కాకపోతే ఈ బోర్డు వచ్చినవాణ్ని తానే తీసుకుపోయి కొత్త దుకాణంలో దింపుతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఇల్లు మారిందనే తెలియదు.

ముందు విండోస్ సర్వీసెస్‌లోకి (వెనకాల నడిచే ప్రోగ్రాముల జాబితాలోకి) వెళ్లి బ్యాకప్ సర్వీస్‌ను స్టాప్ చేయండి. సాఫ్ట్‌వేర్ కిటికీ మూసేస్తే ఆగదు, స్క్రీన్ మీది గడియారం పక్కన చిన్న ఐకాన్ ఉంటే దాన్ని కూడా ఎగ్జిట్ చేయాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి రోబోకాపీ (robocopy) అనే కాపీ కమాండ్‌తో /ఇ (/E), /కాపీఆల్ (/COPYALL) పెట్టి ఫోల్డర్‌ను డీలోకి కాపీ చేయండి. మౌసుతో లాగి పడేయొద్దు. డీ డ్రైవ్‌లో కొత్తగా చేసిన ఫోల్డర్‌లో, మనం ఏమీ మార్చకపోతే, ఆ కంప్యూటర్‌లో లాగిన్ అయ్యే ప్రతివాడూ ఫైళ్లను మార్చగలడు, సెట్టింగుల ఫైల్‌లో మీ పాస్‌వర్డ్ కూడా ఉండొచ్చు. /కాపీఆల్ అయితే పర్మిషన్లు కూడా వెంట వస్తాయి, అయినా రెండు ఫోల్డర్ల సెక్యూరిటీ ట్యాబులు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

కాపీ అయ్యాక పాత ఫోల్డర్‌ను డిలీట్ చేయకుండా పేరు చివర "పాతది" అని తగిలించండి. పేరు మార్చనివ్వకపోతే ఏదో ప్రోగ్రాం ఇంకా దాన్ని పట్టుకుని ఉందన్నమాట. ఇప్పుడు జంక్షన్ తయారుచేసే కమాండ్ ఎంకెలింక్ /జె (mklink /J), ముందు పాత చోటు, తర్వాత కొత్త చోటు, రెండూ కోట్స్‌లో. రోబోకాపీలో కూడా పాతదే ముందు, కాబట్టి తికమక పడే పని లేదు. పవర్‌షెల్‌లో ఈ కమాండ్ నేరుగా పనిచేయదు, అక్కడే గంటసేపు పరేషాన్ అయినవాళ్లను చూశాను.

సర్వీస్ స్టార్ట్ చేసి ఒక బ్యాకప్ చేతితో నడపండి. డీలోని లాగ్ ఫైల్ టైము ఇప్పటిది అయితే పని అయినట్టే. ఏమీ అడగకుండా కొత్తగా ఇన్‌స్టాల్ చేసినట్టు ఖాళీ స్క్రీన్ చూపిస్తే మాత్రం అక్కడే ఆగండి, సర్వీస్ ఆపి, జంక్షన్ తీసేసి, "పాతది" పేరును మళ్లీ మామూలుగా మార్చండి.

పెన్‌డ్రైవ్ మీదికో యూఎస్‌బీ డిస్క్ మీదికో మార్చొద్దు, పీకిన రోజు సాఫ్ట్‌వేర్ గుడ్డిదవుతుంది. నెట్‌వర్క్ ఫోల్డర్‌కు జంక్షన్ అసలే పడదు. డీ డ్రైవ్‌నంతా బ్యాకప్ తీస్తున్నవాళ్లు ఈ కొత్త ఫోల్డర్‌ను ఎక్స్‌క్లూడ్‌లో వేయండి, లేకపోతే అది తన లాగ్‌ను తానే రోజూ బ్యాకప్ తీసుకుంటూ కూర్చుంటుంది. బ్యాకప్ కూడా డీలోకే పోతుంటే సెట్టింగుల ఎక్స్‌పోర్ట్ ఒకటి వేరే చోట దాచుకోండి, ఆ డిస్క్ పోతే రెండూ పోతాయి.

"పాతది" ఫోల్డర్‌ను వారం తర్వాత తీసేయండి. ఆ వారంలో ఏదో ఒక ఫైల్‌ను రిస్టోర్ చేసి, అది తెరుచుకుందో లేదో చూసి ఐదో పాఠానికి రండి.