అనంతగిరి కొండల్లో పరుగుకు నడుము బ్యాగు కొనే ముందు

- ఖాళీ బ్యాగు కట్టుకుని చూస్తే ఏమీ తెలియదు. అర లీటరు నీళ్ల సీసా, ఫోను, తాళాలు పెట్టి షాపులోనే పదిసార్లు గెంతండి. సీసా ఒక్కటే అర కిలో పైన ఉంటుంది. అది ఊగిందంటే కాసేపటికే నడుము ఒరుసుకుపోయి మంట పుడుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే.
- బెల్టు తుంటి ఎముకల మీద నిలవాలి, పొట్ట మీద కాదు. బిగించాక గట్టిగా ఊపిరి పీల్చి చూడండి.
- బరువైనవి వీపుకు ఆనుకుని ఉండాలి.
- వానాకాలంలో వాటర్‌ప్రూఫ్ అన్న మాట నమ్మి ఇబ్బంది పడకండి, ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టండి.
- ఎండలో మూడు నాలుగు గంటల నడకైతే నడుము బ్యాగు చాలదు. నీళ్ల దగ్గర పొదుపు వద్దు, దయచేసి భుజాల బ్యాగే తీసుకోండి.