కార్తీకానికి కాశీ వెళ్తున్నారా? కనపడని మెట్టు మీద కాలు పెట్టకండి

ఏటా ఆగస్టు వచ్చేసరికి గంగ కాశీ మెట్లన్నీ మింగేసిన వీడియోలు అందరి ఫోన్లలోనూ తిరుగుతాయి. దశాశ్వమేధ ఘాట్‌లో హారతి మేడ మీదికి ఎక్కడం, మణికర్ణికలో పై అంతస్తుల్లో చితులు పేర్చడం చూసి మనవాళ్ళు గుండెలు బాదుకుంటారు. "అమ్మో, ఇప్పుడొద్దు. నీళ్ళు తీశాక కార్తీకంలో పోదాం" అని అందరూ ఒక్కసారే టికెట్లు తీస్తారు.

నాకు భయం ఆ కార్తీకం గురించే. వరదప్పుడు ఎవర్నీ నీళ్ళ దగ్గరికి రానివ్వరు, పడవలు కట్టేయిస్తారు, కాబట్టి ధైర్యం చేసే అవకాశమే ఉండదు. నది నెమ్మదించాక మాత్రం ఎవరికి వాళ్ళే పెద్దలైపోతారు. స్నానానికి దిగి మునిగిపోయారన్న వార్తలు ఆ ప్రశాంతమైన రోజుల్లోనూ వస్తూనే ఉంటాయి. ఒక్కోసారి ఒకే ఇంట్లో ఇద్దరు.

మా వైపు నుంచి పెద్దవాళ్ళ బృందాలను కాశీ తీసుకెళ్ళే పని నాది. రైలెక్కే ముందు అందర్నీ కూర్చోబెట్టి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. స్వెట్టర్లు, బీపీ మాత్రలు, మంచినీళ్ళ సీసాల గురించి చెప్పను. అవి మీ కోడళ్ళు చెబుతారు.

స్నానం

ఒక్కటే మాట. కంటికి కనపడే మెట్టు దాటి అడుగు వేయకండి.

ఎందుకంటే, కాశీ దగ్గర గంగ ఉత్తరానికి తిరిగి నెలవంకలా వంగి పారుతుంది. ఆ వంపుకి బయటి గట్టు మీద ఊరుంది. ఏ నదైనా వంపు తిరిగేచోట బయటి గట్టునే ఒరుసుకుంటూ పోతుంది. లోతంతా అటే పడుతుంది, లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది. అవతలి ఒడ్డున కనుచూపు మేర ఇసుకే ఉండటానికీ, ఇవతల మెట్ల పక్కనే లోతు ఉండటానికీ కారణం అదే. ఇసుక రేవుల్లో పాదం, మోకాలు, నడుము అంటూ మెల్లగా దిగే అలవాటు మనది. ఇక్కడ మెట్లయిపోయాక మోకాలూ లేదు, నడుమూ లేదు. నిలువులోతే.

రెండో సంగతి నీటి మట్టం. వారణాసిలో గంగ ప్రమాద స్థాయి 71.262 మీటర్లు. 1978లో 73.901 మీటర్ల దాకా వచ్చింది. ఎండాకాలంలో అదే నది ఎన్నో మీటర్లు కిందికి దిగిపోతుంది. మీ బావగారు మే నెలలో వెళ్ళొచ్చి "ఫలానా ఘాట్‌లో విశాలమైన అరుగుంది, హాయిగా మునగొచ్చు" అని చెబితే, ఆ అరుగు కార్తీకంలో నీళ్ళ అడుగున ఎక్కడుందో దేవుడికే తెలియాలి. పోయినసారి మీరే మునిగిన చోటైనా సరే, ఈసారి కొత్త రేవు కిందే లెక్క.

ఇక ఆ రాళ్ళు. ఈ ఘాట్లలో చాలావాటిని పద్దెనిమిదో శతాబ్దంలో మరాఠా ప్రభువులు కట్టించారు. అన్నేళ్ళుగా నీళ్ళలో నానుతున్న మెట్లు అన్నీ ఒక్క తీరుగా ఉంటాయా? కొన్ని విరిగాయి, కొన్ని కుంగాయి, కొన్నిటి కింద మట్టి కొట్టుకుపోయి బోలుగా మిగిలాయి. వరద తీశాక వాటి మీద మందంగా బురద పేరుకుంటుంది. పైనున్న మెట్లను పంపులు పెట్టి కడుగుతారు గానీ నీళ్ళ కిందున్న వాటిని ఎవరూ కడగరు. అక్కడ నాచు, బురద అలాగే ఉంటాయి.

ఇప్పుడు జరిగే తీరు చెబుతాను, కళ్ళకు కట్టుకోండి. దంపతులు మోకాలి లోతులో నిలబడి సంకల్పం చెప్పుకుంటారు. పక్కన జనం తోసుకుంటుంటారు. "ఇంకొక్క మెట్టు దిగండి, తల తడవాలి" అని పైనుంచి ఎవరో ఒకరు అంటారు. ఆవిడ ముక్కు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక మునక వేస్తుంది. లేచేటప్పుడు ప్రవాహం నెట్టి పాదం అరడుగు పక్కకు జరుగుతుంది. ఆ సంగతి ఆవిడకి తెలియదు. రెండో మునక వేస్తుంది, మళ్ళీ అరడుగు. మూడోసారికి మడమ కింద రాయి ఉండదు. చీర కుచ్చిళ్ళు నీళ్ళలో ఉబ్బి కాళ్ళకు చుట్టుకుంటాయి, ఇక కాలాడదు. చెయ్యి పట్టుకోబోయిన ఆయన నిల్చున్నదీ ఆ నాచు మెట్టు మీదే.

అందుకే మళ్ళీ చెబుతున్నాను: కనపడని మెట్టు మీద కాలు పెట్టకండి. మూడు మునకలూ నిలబడి వేయాలని ఎక్కడా లేదు. కనపడే ఆఖరి మెట్టుకి ఒక మెట్టు పైన కూర్చోండి, చెంబుతో తల మీద పోసుకోండి. గంగ గంగే, పుణ్యం తగ్గదు. ఇనుప గొలుసు ఉన్న చోటే దిగండి, ఒక చెయ్యి ఎప్పుడూ గొలుసు మీదే ఉండాలి. ప్రతి మునకకీ ముందు కళ్ళు తెరిచి, కాలు ఎక్కడుందో చూసుకోండి. అరవై దాటినవాళ్ళు నీళ్ళలోకి దిగనే వద్దు.

"మాది గోదావరి జిల్లా, మాకు ఈత నేర్పుతావా" అనేవాళ్ళు ప్రతి బృందంలోనూ ఒకరిద్దరు ఉంటారు. ఈత వచ్చినవాడికే ఎక్కువ ప్రమాదం, వాడు ఎలాగూ ఇంకో రెండు మెట్లు దిగుతాడు కాబట్టి. "కాశీలో పోతే మోక్షమేగా" అని హాస్యమాడేవాళ్ళు ఇంకొందరు. మోక్షం సంగతి ఏమో గానీ, పరాయి రాష్ట్రంలో పోస్టుమార్టం గది ముందు పడిగాపులు పడేది మీ పిల్లలు. ఆ మాట నా ముందు అనకండి.

ఎవరైనా జారితే వెనకాలే దూకవద్దు. ఒకే ఇంట్లో ఇద్దరు పోయేది అలాగే. పంచనో చీరనో కండువానో ముడివేసి విసరండి. "బచావో" (కాపాడండి) అని గొంతు చించుకుని అరవండి. ప్రతి ఘాట్‌లోనూ పడవవాళ్ళు ఉంటారు. మనం బట్టలు సర్దుకునేలోగా వాళ్ళు నీళ్ళలో ఉంటారు. మునిగేవాళ్ళను తీయడం వాళ్ళకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విద్య. ఇంకొకరు 112కి ఫోన్ చేయాలి. ఎవరు చేయాలో స్నానానికి దిగకముందే అనుకోండి.

పడవ

2022 నవంబరులో అహల్యాబాయి ఘాట్ దగ్గర ఆంధ్ర యాత్రికులు ఎక్కిన పడవలోకి నీళ్ళు చేరి మునిగింది. అదృష్టం బాగుండి అందర్నీ ఒడ్డుకు చేర్చారు. ఇక మన దగ్గర 2017 కార్తీకంలో కృష్ణా గోదావరుల పవిత్ర సంగమం దగ్గరా, 2019లో కచ్చులూరు దగ్గరా పడవలు మునిగి ఏం జరిగిందో కొత్తగా చెప్పాలా? అయినా పడవ ఎక్కగానే లైఫ్ జాకెట్ అడిగేవాళ్ళు కనపడరు. ఇచ్చినా, ఫొటోలో బాగుండదని ఒళ్ళో పెట్టుకుంటారు.

జాకెట్ తొడుక్కుని, బకిల్సు బిగించుకున్నాకే పడవ కదలాలి. తలకొకటి లేకపోతే దిగిపోండి. బేరం కుదిరిందని, బయానా ఇచ్చామని ఎక్కకండి. ఎక్కేముందు పడవ అడుగున చూడండి. లోపల నీళ్ళు ఊరి ఉండి, ఒక కుర్రాడు డబ్బాతో తోడిపోస్తుంటే ఆ పడవ మీకొద్దు.

సాయంత్రం హారతి వేళ దశాశ్వమేధ ముందు పడవలన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడతాయి. హారతి వెలగగానే అందరూ లేచి ఒకే పక్కకు ఒరుగుతారు. పడవ తలకిందులయ్యేది అప్పుడే. కూర్చునే చూడండి, కూర్చున్నా బాగానే కనపడుతుంది. ఒక పడవలోంచి పక్క పడవలోకి దాటకండి. టీ అమ్మేవాడు దాటుతున్నాడని మీరు దాటకండి. పడవ అంచు మీద చెయ్యి ఆనించకండి, రెండు పడవల మధ్య వేళ్ళు నలిగిపోతాయి.

అవతలి ఇసుక ఒడ్డుకు తీసుకెళ్ళి "ఇక్కడ లోతు లేదు, స్నానం చేయండి" అంటారు. పాదాలు తడుపుకుని వచ్చేయండి. ఇసుక నేల ఇవాళ ఉన్నట్టు రేపుండదు, మోకాలి లోతు పక్కనే గుంత ఉంటుంది. అక్కడ మెట్టే లేదు, కనపడే ప్రశ్నే లేదు.

సందులు, గుడి, జనం

విశ్వనాథుడి గుళ్ళోకి ఫోన్ రానివ్వరు, లాకర్లో పెట్టాలి. దాంతో కొత్త చిక్కు మొదలవుతుంది. దర్శనం అయ్యాక పెద్దావిడ వేరే ద్వారంలోంచి బయటపడుతుంది, చేతిలో ఫోన్ ఉండదు, కొడుకు నంబరు నోటికి రాదు, హిందీ రాదు. అందుకని బస పేరు, ఘాట్ పేరు హిందీలో, రెండు ఫోన్ నంబర్లు అంకెల్లో రాసిన చీటీ ప్రతి ఒక్కరి రవికెలోనో చొక్కా జేబులోనో ఉండాలి. సంచీలో కాదు. సంచీ కూడా లాకర్లోనే ఉంటుంది.

తప్పిపోతే కలుసుకునే చోటు ముందే చెప్పుకోండి. "గుడి బయట" అంటే కుదరదు. నాలుగు వైపులా బయటే.

లాకర్ ఉచితం అని పిలిచే దుకాణంలో పూలబుట్ట వెల ముందే అడగండి.

దర్శనం టికెట్ దేవస్థానం కౌంటర్లోనో వారి సొంత వెబ్‌సైట్లోనో తీసుకోండి. వెంటపడి వచ్చేవాడికి డబ్బివ్వకండి.

మణికర్ణికలో ఫొటో తీయకండి. అక్కడ కాలుతున్నది ఎవరింటి మనిషో.

"పైనుంచి చూపిస్తాను" అనేవాడి వెంట మేడ ఎక్కకండి. దిగేటప్పుడు పేదల చితికి కట్టెలంటూ కిలోల లెక్కన అడుగుతాడు, చుట్టూ నలుగురు నిలబడతారు.

పిండప్రదానానికి ఎంతో అంతా కలిపి ముందే మాట్లాడుకోండి. "మీ ఇష్టం" అన్నచోట కూర్చోకండి.

పిండాలు కలపడానికి నీళ్ళలోకి వంగకండి. పళ్ళెంతో జారవిడవండి. దీపాలకూ అంతే.

ఠండాయి అనే మసాలా పాలు తాగేముందు భంగు (గంజాయి ఆకు ముద్ద) కలిపారా అని అడగండి. పిల్లలకూ గుండె జబ్బు ఉన్నవాళ్ళకూ అసలు ఇవ్వకండి.

సందులో ఆంబోతు ఎదురైతే గోడకు అంటుకుని నిలబడండి. తోక లాగకండి, దండం పెట్టడానికి ముందుకు వెళ్ళకండి.

కోతుల ముందు అరటిపండ్ల సంచీ విప్పకండి.

శవం మోసుకొస్తుంటే దారివ్వండి.

గొదౌలియా కూడలి దాటాక ఆటో రాదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఆ నడక పెద్దదే. బస తీసుకునేటప్పుడు ఘాట్ దగ్గరా దూరమా అని అడగడం సరిపోదు, ఎన్ని మెట్లు ఎక్కాలో అడగండి.

కార్తీక పౌర్ణమినాడు దేవ్ దీపావళి. ఆ రాత్రి ఘాట్ల మీద కాలు పెట్టే చోటుండదు. 2015 గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమండ్రి తొక్కిసలాటలో ఏమైందో మరిచిపోయారా? పెద్దవాళ్ళనూ చంటిపిల్లలనూ ఆ గుంపులోకి తేకండి. మెట్ల మీద దిగే జనం, ఎక్కే జనం ఎదురుపడ్డారంటే ఆగకుండా పక్క సందులోకి తప్పుకోండి. కిందికి, నీళ్ళ వైపుకి మాత్రం తప్పుకోకండి.

సెల్ఫీకి వెనక్కి నడవకండి.

చీకట్లో స్నానం వద్దు. బ్రహ్మ ముహూర్తమైనా సరే, మెట్టు కనపడాలి.

ఇంటికి తెచ్చుకునే చెంబులో గంగ నింపుకోవడానికి అంచున నిలబడి వంగకండి. పడవవాడి చేత నింపించుకోండి, పది రూపాయలు ఇవ్వండి.

పిల్లల చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకోండి. వేళ్ళు పట్టుకుంటే తడికి జారిపోతాయి.

ఇక మార్గశిర, పుష్య మాసాల్లో వెళ్ళేవాళ్ళకి: పొగమంచు పట్టిన పొద్దున పడవ ఎక్కకండి. అవతలి పడవ పది గజాల దాకా వచ్చేవరకూ కనపడదు. మంచుకి రైళ్ళు గంటల కొద్దీ ఆలస్యంగా నడుస్తాయి, తిరుగు ప్రయాణానికి మొగల్‌సరాయిలో (ఇప్పుడు ఆ స్టేషన్ పేరు పండిట్ దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్) రైలు మారేలా టికెట్ తీసుకుంటే రెండిటి మధ్య పూట తేడా ఉంచుకోండి.