బండలెక్కే బగ్గీకి బరువెంత, బలమెంత

అనంతపురం చుట్టుపక్కల గ్రానైటు గుట్టల మీద నడిపేందుకు రాక్ క్రాలింగ్ బగ్గీ కట్టుకోవాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న ఏ బండి ఇరుసులు వేయాలన్నది. నా దృష్టిలో అది రెండో ప్రశ్న కావాలి. నడిపే మనిషితో, పెట్రోలుతో, పనిముట్లతో కలిపి బండి ఎన్ని కిలోలు తూగాలో ముందుగా నిర్ణయించుకోకుండా ఇరుసును ఎంచుకోవడం, కట్టేది ఎద్దునో దూడనో తెలియకుండా పలుపు పేనడం వంటిది.

బరువు, బలం ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. 35 అంగుళాల టైరు కావాలనుకుంటే దానికి తగ్గ పెద్ద ఇరుసు వస్తుంది. ఆ ఇరుసును పట్టి ఉంచడానికి లావు లింకులు, గట్టి స్ప్రింగులు వస్తాయి. ఇదంతా కదలడానికి డీజిల్ ఇంజను వస్తుంది. ఆ ఇంజను కోసం చాసిస్ గొట్టం మందం పెరుగుతుంది. చివరికి ఇంత బరువుకు మొదట ఎంచుకున్న ఇరుసే చాలకుండా పోతుంది. నేను కట్టిన మొదటి బండి 1,200 కిలోల అంచనాతో మొదలై వేబ్రిడ్జి మీద 1,580 కిలోలు తూగింది. దాని వెనుక షాఫ్టు, అంటే ఇరుసు లోపల చక్రాన్ని తిప్పే కడ్డీ, రెండో రోజే తెగింది. లోపం షాఫ్టుది కాదని, అంచనాదని నాకు అర్థం కావడానికి ఇంకో షాఫ్టు తెగాల్సి వచ్చింది.

షాఫ్టు మీద పడే మెలితిప్పు బలాన్ని, అంటే టార్కును, రెండు విషయాలు నిర్ణయిస్తాయి. ఇంజను టార్కును గేర్లన్నీ కలిసి ఎన్ని రెట్లు చేయగలవన్నది ఒకటి. టైరు జారకుండా నేలను ఎంతవరకు పట్టుకోగలదన్నది రెండోది. వీటిలో ఏది తక్కువైతే షాఫ్టు మీద సాధారణంగా అంతే పడుతుంది, ఎందుకంటే పట్టు దాటగానే టైరు జారిపోతుంది. పట్టు లెక్క చాలా సులువు: ఆ చక్రం మీద పడే బరువును రాతికీ రబ్బరుకూ మధ్య ఉండే ఘర్షణ గుణకంతోనూ, టైరు వ్యాసార్ధంతోనూ హెచ్చించాలి. ఎండిన గ్రానైటు మీద ఆ గుణకాన్ని 1గా తీసుకోవడం క్షేమం. మొత్తం 1,000 కిలోలు తూగే బగ్గీ ఒక రాతి అంచు ఎక్కుతున్నప్పుడు ఒకే చక్రం మీద సగం బరువు, అంటే 500 కిలోలు, పడిందనుకుందాం. 31 అంగుళాల టైరు వ్యాసార్ధం సుమారు 0.39 మీటర్లు. కిలోలను 9.8తో హెచ్చించి న్యూటన్లలోకి మార్చుకుంటే, ఈ లెక్కన ఆ షాఫ్టు మీద పడేది దాదాపు 1,900 న్యూటన్ మీటర్లు. ఇదే లెక్కను 1,600 కిలోల బండికి, 35 అంగుళాల టైరుకు వేస్తే దాదాపు 3,500 వస్తుంది. బరువు 60 శాతమే పెరిగినా షాఫ్టు భారం 80 శాతం పెరిగింది, ఎందుకంటే బరువైన బండికి మనం పెద్ద టైరు కూడా తొడిగాం.

ఇప్పుడు ఇంజను వైపు నుంచి చూడాలి. 1.3 లీటర్ల జిప్సీ ఇంజను సుమారు 100 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. మొదటి గేరు 3.65, ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంపే గేర్ల పెట్టె) లో రేంజి 2.27, ఇరుసు మధ్యలోని గేర్ల జత అయిన క్రౌన్ పినియన్ 3.73 అనుకుంటే మూడింటి హెచ్చవేత 31 దరిదాపు వస్తుంది. అంటే చక్రాల దగ్గరికి చేరేసరికి 3,100 న్యూటన్ మీటర్లు. ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ మామూలుదైతే అది కుడి ఎడమ షాఫ్టులు రెండింటికీ సమానంగా పంచుతుంది. రెండు చక్రాలనూ ఒక్కటిగా తిప్పే లాకరు వేసినా, వెల్డింగు చేసి బిగించినా ఆ పంపకం ఉండదు. ఒక చక్రం గాలిలో లేచిన క్షణంలో ఆ ఇరుసుకు వచ్చిన టార్కంతా రెండో షాఫ్టే మోయాలి. అందుకే లాకరు వేసే రోజునే షాఫ్టు సంగతి కూడా తేల్చుకోవాలని నేను పట్టుబడతాను.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. టైరు రెండు గుండ్ల మధ్య చీలికలో ఇరుక్కుపోతే జారే వీలే ఉండదు కాబట్టి పట్టు లెక్క పనిచేయదు, గేర్లు ఇచ్చే మొత్తం బలం షాఫ్టు మీదికి వస్తుంది. అలాగే చక్రం వేగంగా తిరుగుతూ ఒక్కసారిగా రాయిని అందుకుంటే, తిరుగుతున్న టైరు, ఇంజనుకు ఉండే బరువైన చక్రం ఫ్లైవీలు తమలో దాచుకున్న శక్తినంతా ఆ క్షణంలోనే షాఫ్టు మీద కుమ్మరిస్తాయి. ఈ రెంటినీ దృష్టిలో ఉంచుకుని పట్టు లెక్కలో వచ్చిన అంకెను కనీసం ఒకటిన్నర రెట్లు చేసి, ఆ బలానికి షాఫ్టును ఎంచుకోవాలి.

షాఫ్టు విషయంలో ప్రకృతి మన పక్షాన ఉంది. గుండ్రటి షాఫ్టు బలం దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, బరువు మాత్రం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 28 మి.మీ. షాఫ్టును 31 మి.మీ.కు మార్చితే బలం సుమారు 36 శాతం పెరుగుతుంది; 80 సెంటీమీటర్ల పొడవున్న షాఫ్టుకు పెరిగే బరువు ఒక కిలో కూడా ఉండదు. నాలుగు షాఫ్టులకూ కలిపి నాలుగు కిలోల లోపే. బండిలో ఇంత తక్కువ బరువుకు ఇంత బలం దొరికే చోటు మరొకటి లేదు. కాబట్టి షాఫ్టులు, జాయింట్లు, హబ్బులు, క్రౌన్ పినియన్ల దగ్గర బరువు కోసం బేరమాడకూడదు. బేరమంతా బండి నడుము పైభాగంలో ఆడాలి.

ఆటోనగర్ లేత్ షెడ్డులో షాఫ్టు చేయించేటప్పుడు ఈఎన్ 8 అనే మామూలు కార్బన్ ఉక్కుతో సరిపెట్టుకోకుండా ఈఎన్ 24 అనే గట్టి మిశ్రమ ఉక్కు అడగాలి, దానికి సరైన హీట్ ట్రీట్‌మెంట్ చేయించాలి. హీట్ ట్రీట్‌మెంట్ లేని ఈఎన్ 24కు పెట్టిన డబ్బు వృథా. షాఫ్టు సాధారణంగా తెగేది స్ప్లైన్ల (కొన మీద కోసిన పళ్ల) మొదట్లో, పళ్ల లోతు దగ్గర. మధ్యభాగాన్ని లావుగా వదిలేస్తే మెలిక అంతా ఆ స్ప్లైన్ల దగ్గరే పోగవుతుంది. అందువల్ల మధ్యభాగాన్ని స్ప్లైన్ల పళ్ల అడుగు వ్యాసానికి సమానంగా, నునుపుగా తిప్పించి, మలుపుల దగ్గర పదునైన మూల లేకుండా గుండ్రంగా వదలమని చెప్పాలి. అప్పుడు షాఫ్టు పొడవంతా కొద్దికొద్దిగా మెలితిరిగి, స్ప్రింగులా దెబ్బను మింగుతుంది.

గేరింగు విషయంలో చాలామంది ఇంజను పెద్దది చేయాలనుకుంటారు. నేను ఒప్పుకోను. పైన చెప్పిన 31 నిష్పత్తితో, ఐడిల్లో, అంటే యాక్సిలరేటరు నొక్కనప్పుడు, నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజనుతో, 31 అంగుళాల టైరు మీద బండి గంటకు దాదాపు నాలుగు కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. గుండ్ల మధ్య అది చాలా ఎక్కువ. ట్రాన్స్‌ఫర్ కేసులో గేర్లు మార్చి నిష్పత్తిని 75కు తెస్తే వేగం గంటకు కిలోమీటరున్నరకు దిగుతుంది. నెమ్మదిగా వెళ్లే బండి రాతిని కొట్టదు, రాతిని తాకుతుంది. షాఫ్టుకు దెబ్బ తగలకుండా ఉండటానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. పైగా గేర్ల బరువు పది పదిహేను కిలోలకు మించదు, పెద్ద ఇంజను బరువు వందల్లో ఉంటుంది. అయితే ట్రాన్స్‌ఫర్ కేసులో పెంచిన బలాన్ని, అక్కడి నుంచి ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు, దాని కొనల్లో వంగే క్రాస్ జాయింట్లు మోయాలి. అదే తగ్గింపును క్రౌన్ పినియన్‌లో ఇస్తే ప్రొపెల్లర్ షాఫ్టుకు భారం తగ్గుతుంది, కానీ నిష్పత్తి మరీ పెరిగితే పినియన్ చిన్నదై దాని పళ్లు బలహీనపడతాయి. కాబట్టి రెండు చోట్లా కొంత కొంత పంచుకోవడం మేలు.

ఇక బరువును ఎక్కడ ఉంచాలన్నది. మన రైతులు ట్రాక్టరు వెనుక టైర్లలో నీళ్లు నింపుతారు; దుక్కిలో చక్రం జారకుండా ఆ బరువు పట్టునిస్తుంది. బగ్గీకీ అదే సూత్రం వర్తిస్తుంది. ఇరుసు, డిఫరెన్షియల్, టైరు, రిమ్ము బండి గురుత్వ కేంద్రానికి చాలా కింద ఉంటాయి కాబట్టి అక్కడ చేరిన బరువు బండిని నేలకు పట్టి ఉంచుతుంది. వేగంగా పోయే బండికి ఇరుసు బరువు శత్రువు. గంటకు రెండు కిలోమీటర్లు నడిచే బగ్గీకి కాదు. కొందరు ముందు టైర్లలో కావాలనే నీళ్లు పోస్తారు. కానీ ఆ పని చివర్లో, కాటా చూసుకున్నాక చేయాలి తప్ప మొదటే కాదు, ఎందుకంటే టైరులోని ప్రతి కిలో బ్రేకులకూ స్టీరింగుకూ భారమే.

పక్కకు ఎంత వాలు వరకు బండి నిలుస్తుందో రెండు కొలతలు చెబుతాయి. రెండు టైర్ల నడిమి వెడల్పులో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో పోల్చాలి. వెడల్పు 1.6 మీటర్లు, ఎత్తు 0.8 మీటర్లు అయితే కాగితం మీద 45 డిగ్రీల దగ్గర బండి ఒరుగుతుంది, ఎత్తును 0.7కు దించగలిగితే దాదాపు 49 డిగ్రీల వరకు ఆగుతుంది. స్ప్రింగులు ఒక పక్కకు అణగడం వల్ల నిజమైన అంకె ఇంకా తక్కువే. పది సెంటీమీటర్లు దించడం కష్టం, ఎక్కించడం మాత్రం చాలా తేలిక: కేజీ (తల మీది గొట్టాల పంజరం) మీద స్పేరు టైరు కడితే చాలు. స్పేరు టైరును బగ్గీ మీద మోయకూడదు.

ముందు వెనుకల మధ్య నేను 55:45 నిష్పత్తిలో ముందు ఎక్కువ ఉండేలా చూస్తాను. ముందు ఇరుసు నుంచి వెనుక ఇరుసుకు 2.5 మీటర్ల వీల్‌బేసు, 0.75 మీటర్ల ఎత్తులో గురుత్వ కేంద్రం ఉన్న బండి 40 డిగ్రీల ఎత్తు ఎక్కేటప్పుడు, సమతలం మీద 55 శాతం ఉన్న ముందు బరువు 30 శాతానికి పడిపోతుంది. మొదటే 45 శాతం ఉంటే అది 20కి దిగి, ముందు చక్రాలు స్టీరింగుకు పలకవు. ఈ లెక్క మరో సంగతి కూడా చెబుతుంది: ఎక్కేటప్పుడు 70 నుంచి 80 శాతం భారం వెనుక ఇరుసుదే, కాబట్టి వెనుక షాఫ్టులు ముందువాటి కంటే గట్టిగా ఉండాలి. ముందు ఇరుసుకు ఉన్న కష్టం వేరు. చక్రాన్ని పూర్తిగా తిప్పినప్పుడు అక్కడి జాయింటు తన పూర్తి బలాన్ని చూపలేదు. చక్రం పూర్తిగా తిరిగి ఉన్నప్పుడు థ్రాటిల్ నొక్కకూడదన్న నియమం నడిపేవాడి చేతిలోనూ కాలిలోనూ ఉండాలి.

గొట్టాల చాసిస్ దగ్గర బరువు తగ్గించే పద్ధతి వేరు. 44.5 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న గొట్టం మీటరుకు మూడు కిలోలకు కొంచెం పైన తూగుతుంది, 2.5 మి.మీ. మందమైతే 2.6 కిలోలు. నలభై మీటర్ల గొట్టం వాడే చాసిస్‌లో తేడా ఇరవై కిలోల లోపే. ఇంత చిన్న లాభం కోసం తల మీది కేజీని పలచన చేయవద్దని ప్రాణం మీద ఆశ ఉన్నవారందరికీ నా మనవి. ప్రధాన కేజీని మంచి సీమ్‌లెస్ గొట్టంతో 3 మి.మీ. మందంలోనే ఉంచి, బరువు ఏమీ మోయని అడ్డ గొట్టాలను సన్నవి వాడాలి, అనవసరమైన వాటిని అసలు తీసేయాలి. మిగతా పొదుపు ఇతర చోట్ల దొరుకుతుంది: నలభై లీటర్ల ట్యాంకుకు బదులు పదిహేను లీటర్లది, ఇనుప రేకుకు బదులు అల్యూమినియం, ఇరుక్కున్న బండిని లాగే విన్చికి ఉక్కు తీగకు బదులు సింథటిక్ తాడు. రేడియేటరును మాత్రం చిన్నది చేయకూడదు. ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఇంత నెమ్మదిగా నడిచే బండికి ఎదురుగాలి అనేది ఉండదు.

ఈ అంకెలన్నీ కాటా మీద నిలబడితేనే అర్థం ఉంటుంది. గ్రానైటు లారీలు తూగే వేబ్రిడ్జి పది ఇరవై కిలోల మెట్లలో చూపుతుంది, కాబట్టి మొత్తం బరువుకు మాత్రమే పనికొస్తుంది. చక్రాల వారీ తూకానికి వేరుశనగ, పత్తి తూచే ప్లాట్‌ఫారం కాటాలు నాలుగు కావాలి. ఆదోని వంటి మార్కెట్ ఊళ్లలో తెలిసిన కొట్టువారిని అడిగితే ఒక పూటకు దొరుకుతాయి. నాలుగూ ఒకే మట్టంలో ఉండాలి, నడిపే మనిషి సీటులో కూర్చుని ఉండాలి. గురుత్వ కేంద్రం ఎత్తు తెలుసుకోవడానికి సస్పెన్షన్ కదలకుండా బిగించి, వెనుక చక్రాలను కొలిచిన ఎత్తుకు లేపి, ముందు బరువు ఎంత పెరిగిందో చూడాలి. ఆ పెరుగుదలను వీల్‌బేసుతో హెచ్చించి, మొత్తం బరువు, వాలు టాంజెంటుల లబ్ధంతో భాగించి, వచ్చినదానికి టైరు వ్యాసార్ధం కలపాలి. అదే 2.5 మీటర్ల వీల్‌బేసు ఉన్న 1,150 కిలోల బండిని వెనుక 60 సెంటీమీటర్లు లేపినప్పుడు ముందు 40 కిలోలు పెరిగితే, 0.40 మీటర్ల వ్యాసార్ధానికి 0.35 కలిపి ఎత్తు 0.75 మీటర్లని తేలుతుంది.

బండి ఎక్కడో ఒక చోట తెగక తప్పనప్పుడు అది మనకు చేయి అందే చోట తెగేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ జాయింటు తెగితే గుట్ట మీదనే అరగంటలో మార్చవచ్చు. పినియన్ పళ్లు పోతే బండిని ఈడ్చుకురావాలి. అన్నింటినీ సమానంగా గట్టి చేయకుండా జాయింటును ఒక్క మెట్టు తక్కువలో ఉంచి, రెండు విడి జాయింట్లను పెట్టెలో మోయడం మేలు.

ఇలాంటి బగ్గీని రోడ్డు మీద నడపకూడదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను వాహనాన్ని ఇలా మార్చి తిప్పడానికి ఒప్పుకోదు. ట్రాలీ మీదనే తరలించాలి. గండికోట లోయ అంచుల ఎర్ర రాయి, ఓర్వకల్లు రాతివనం చూసి మనసు లాగినా అవి చూడటానికే; రిజర్వు అడవిలోకీ దిగకూడదు. యజమాని అనుమతి ఉన్న పట్టా భూమిలోని గుట్ట, వదిలేసిన క్వారీ మాత్రమే మన స్థలాలు.

మొదటి పరీక్షకు బయల్దేరే ముందు ప్రతి యాక్సిల్ షాఫ్టు మీద ఒక కొన నుంచి మరో కొన వరకు తెల్ల పెయింటుతో తిన్నని గీత గీయించండి. రోజంతా నడిపిన తరువాత షాఫ్టులను బయటికి లాగి ఆ గీతలను చూడండి. గీత తిన్నగా ఉంటే బరువు, బలం పొత్తు కుదిరినట్టు. తీగలా మెలితిరిగి కనిపిస్తే ఆ షాఫ్టు తెగకపోయినా దాని ఉక్కు లొంగిపోయినట్టే. దాన్ని పక్కన పెట్టి, కొత్తది చేయించే ముందు బండిని మళ్లీ కాటా ఎక్కించండి.