సేల్ ఆర్డర్లు వచ్చేలోపు తెలుసుకోవాల్సినవి: పార్సిల్ పగిలి వస్తే డబ్బులు పోకుండా

సేల్ మొదలైందంటే పార్సిళ్లు సర్దేవాళ్లకూ మోసేవాళ్లకూ ఊపిరాడదు, అందుకే విరిగినవీ పగిలినవీ ఇంటికి చేరే అవకాశం అప్పుడే ఎక్కువ. "పగిలిపోయింది" అని ఒక మాట చెబితే డబ్బులు వెనక్కి వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు. కానీ మన ఫిర్యాదు చూసే మనిషి ఆ వస్తువును చూడలేదు, పైగా తామే కింద పడేసుకుని రిటర్న్ పెట్టేవాళ్లు కూడా అతనికి తగులుతూనే ఉంటారు. కాబట్టి మన దగ్గర ఏం ఆధారం ఉందన్నదే అసలు సంగతి. ఆ ఆధారం టేపు కోయకముందే మొదలవ్వాలి, కోశాక వెతుక్కుంటే దొరకదు.

కొనేముందు ప్రొడక్ట్ పేజీలో రిటర్న్ షరతులు చదవండి. "రీప్లేస్‌మెంట్ మాత్రమే" అని ఉంటే, వాళ్ల దగ్గర ఇంకో పీస్ ఉన్నంతవరకూ డబ్బులు తిరిగి ఇస్తామనరు. ఎన్ని రోజుల్లో చెప్పాలో కూడా అక్కడే ఉంటుంది, పగిలినవాటికి మామూలు రిటర్న్ కంటే తక్కువ గడువు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ పేజీకి ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎందుకంటే షరతులు తర్వాత మారితే మీరు కొన్నప్పుడు ఏం రాసి ఉందో చూపించడానికి ఇంకేమీ ఉండదు.

పార్సిల్ గుమ్మం దగ్గరికి వచ్చాక ఓటీపీ చెప్పేయడానికి తొందర పడకండి. పెట్టె మూల లోపలికి నొక్కుకుపోయిందా, తడిసిందా, కంపెనీ పేరున్న టేపు మీద మామూలు టేపు మళ్లీ అంటించి ఉందా, ఊపితే లోపల గలగలమంటోందా చూడండి. మరీ దారుణంగా ఉంటే తీసుకోకుండా వెనక్కి పంపేయడమే మేలు. సంతకం పెట్టాల్సి వస్తే పక్కనే "పెట్టె దెబ్బతిని వచ్చింది" అని రాసి దానికో ఫొటో తీసుకోండి. కొన్ని పెట్టెల మీద గట్టి కుదుపు తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కర్ ఉంటుంది. అది ఎర్రబడినంత మాత్రాన లోపలి సరుకు పగిలిందని కాదు కానీ, ఫొటో మాత్రం తప్పకుండా ఉండాలి.

ఇక వీడియో. దీన్ని సగం సగం తీసి బోర్లా పడేవాళ్లే ఎక్కువ. మధ్యలో ఆపకుండా ఒకే వీడియో ఉండాలి: ముందు అడ్రస్ లేబుల్, ఆర్డర్ నంబర్ చదవడానికి వీలుగా దగ్గర నుంచి, తర్వాత పెట్టెను తిప్పుతూ ఆరు వైపులా, ఆ తర్వాత సీలు, కోయడం, వస్తువు బయటికి రావడం. వస్తువు ఒక్క క్షణం కూడా ఫ్రేమ్ దాటి పోకూడదు, పోతే అక్కడే మార్చేశారనే మాట వస్తుంది. ఒక్కరే ఉంటే ఫోన్‌ను దేనికైనా ఆనించి పెట్టి రెండు చేతులతో విప్పండి. కొన్నది ఫోనే అయితే పెట్టె మీది 15 అంకెల ఐఎంఈఐ (ఆ ఫోన్ గుర్తింపు నంబర్) చూపించి, ఫోన్ ఆన్ చేసి *#06# కొట్టి రెండూ ఒకటేనని అదే వీడియోలో చూపించండి. టీవీ తెర లోపల చిట్లితే ఆఫ్‌లో ఉన్నప్పుడు చాలాసార్లు కనిపించదు, అందుకే గోడకు బిగించకముందే ఆన్ చేయాలి. కంపెనీ మనిషి వచ్చి విప్పాలని షరతు ఉంటే మాత్రం పెట్టెను ముట్టుకోకండి.

పగిలిందని తేలాక రివ్యూలో తిట్టే పని తర్వాత చూసుకోవచ్చు, ముందు రిటర్న్ పెట్టండి. కారణం దగ్గర "నచ్చలేదు", "అవసరం లేదు" లాంటివి నొక్కితే తప్పు మీ మీదికి వస్తుంది, పంపే ఖర్చు కూడా మీ నెత్తినే పడొచ్చు. "దెబ్బతిని వచ్చింది" అన్నదే ఎంచుకోండి. ఫిర్యాదు పొట్టిగా చాలు: "ఫలానా తేదీన వచ్చింది, పెట్టె కుడి మూల నలిగి ఉంది, లోపల గాజు పలక అదే వైపు పగిలింది, వీడియో జత చేశాను, రిఫండ్ కావాలి." ఫోన్‌లో మాట్లాడినా అదే విషయం చాట్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. అట్టపెట్టె, థర్మోకోల్ అన్నీ డబ్బులు చేతికి వచ్చేదాకా దాచండి.

బ్యాటరీ ఉబ్బి వస్తే సంగతి వేరు. చార్జింగ్ పెట్టొద్దు, మామూలు రిటర్న్‌లాగా సర్ది పంపొద్దు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీలను విమానంలో పంపడం నిషేధం, కాబట్టి ముందు సెల్లర్‌కు ఆ విషయం రాసి వాళ్లు చెప్పినట్టే చేయండి.

పికప్‌కు ముందు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో మీ అకౌంట్ తీసేయండి, సిమ్, మెమరీ కార్డు మర్చిపోకండి. తీసుకెళ్లే మనిషి రసీదు ఇవ్వకుండా కదలనివ్వొద్దు.

డబ్బు ఎక్కడికి రావాలని అడిగితే వాలెట్ కాకుండా కట్టిన చోటికే అడగండి, లేకపోతే మళ్లీ వాళ్ల దగ్గరే కొనాల్సి వస్తుంది. "పంపేశాం" అంటున్నా కార్డులోకి రాకపోతే ఏఆర్ఎన్ అనే 23 అంకెల నంబర్ అడగండి, దాంతో బ్యాంకు వెతికి పెడుతుంది. ఈలోగా కస్టమర్ కేర్ నంబర్ కోసం నెట్‌లో వెతికి కనబడిన దానికల్లా ఫోన్ చేయకండి, యాప్‌లోదే వాడండి. రిఫండ్ కోసం పిన్ కొట్టమన్నా, స్క్రీన్ షేర్ చేయమన్నా అవతలివాడు దొంగే, మనకు డబ్బు రావడానికి మన పిన్‌తో పనిలేదు.

సెల్లర్ మొండికేస్తే కార్డుతో కట్టినవాళ్లకు చార్జ్‌బ్యాక్ ఉంది, అంటే కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి అడగడం. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటిలోనూ ఇలాంటి కేసులకు సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది, బ్యాంకు పెట్టే గడువు అంతకంటే తక్కువ ఉండొచ్చు. ముందు సెల్లర్‌ను అడిగారా అని బ్యాంకు తప్పకుండా అడుగుతుంది, అప్పుడు ఆ చాట్ స్క్రీన్‌షాట్లూ వీడియో కలిపి పంపండి.