మేడమీద బెండకు పట్టిన దోమ, పురుగు ఇలా వదిలాయి

బెంగళూరులో మేడమీద గ్రో బ్యాగుల్లో బెండ వేశాం. ఆకుల అంచులు పసుపెక్కి పైకి ముడుచుకున్నాయి. ఆకు తిప్పితే, లేతపచ్చ పిల్ల పురుగులు పీతల్లా పక్కకి పరుగెత్తాయి. పచ్చదోమ! లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకుల అడుగునే కొట్టాను. పైపైన కొడితే నూనె దండగ. వారం వారం కొట్టాక అదుపులోకొచ్చింది.

అసలు టెన్షన్ కాయతొలుచు పురుగుతో. కొనలు వాలిపోయాయి, కాయల రంధ్రాల్లో రెట్ట. వాలిన కొమ్మల్ని, పుచ్చు కాయల్ని తుంచి పారేసి బీటీ పొడి (పురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు) చల్లాను. అది పురుగు తినాలి, అదీ చిన్నదిగా ఉన్నప్పుడే. కాయలోకి దూరాక లాభం లేదు. అందుకే చివరికి ఎమామెక్టిన్ బెంజోయేట్ అనే రసాయన పురుగుమందు కొట్టాల్సి వచ్చింది. అప్పుడు లేబుల్‌ మీదున్న గడువు, అంటే 5 రోజులు, కాయ కోయనివ్వలేదు. మా అత్తయ్య సణిగారనుకోండి!

తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులుకు మాత్రం మందు లేదు. ఈనెలు పసుపైన మొక్కను పీకేయడమే. ఈసారి దాన్ని తట్టుకునే అర్క అనామిక వేశాం. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ రకం అది.