కంప్యూటర్ మూగబోయిందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

మా పిన్నివాళ్లు కొత్త మానిటర్ కొన్న రోజే వాళ్ల కంప్యూటర్లో శబ్దం పోయింది. రిపేరు షాపతను చూసి, "సౌండ్ కార్డు డౌట్‌గా ఉందండీ, ఎందుకైనా మంచిది ఓసారి ఫార్మాట్ కొడదాం" అన్నాడు. కొట్టాడు. పెళ్లి ఫొటోలు పోయాయి, సౌండ్ మాత్రం రాలేదు. మర్నాడు నేను వెళ్లి చూస్తే శబ్దం నిక్షేపంగా ఉంది. హెచ్‌డీఎంఐ వైరులోంచి మానిటర్‌కి పోతోంది. ఆ మానిటర్‌కి స్పీకర్లే లేవు!

నేను చూసిన కేసుల్లో శబ్దం చచ్చిపోయినవి తక్కువ, దారి తప్పినవి ఎక్కువ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. కింద చెప్పేదంతా విండోస్ 10, 11లకు.

1. ముందు వైర్లు

స్పీకర్ల లైటు వెలుగుతోందా, నాబ్ సున్నా మీద ఉందా, కీబోర్డు మీద మ్యూట్ బటన్ ఎవరైనా నొక్కారా చూడండి. డెస్క్‌టాప్ అయితే స్పీకర్ పిన్ను వెనక ఆకుపచ్చ రంధ్రంలో ఉండాలి. గులాబీ రంగుది మైకుకి, నీలంది లైన్ ఇన్‌కి. ఒక్క వీడియోకే శబ్దం లేదంటే బ్రౌజర్ ట్యాబ్ మ్యూట్‌లో ఉందేమో చూసుకోండి.

తర్వాత రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ తన లోపలి స్థితిని డిస్కులో దాచుకుని, మళ్లీ దాన్నే నిద్రలేపుతుంది. లోపం కూడా దాంతోపాటే లేస్తుంది.

ఇంకో మాట. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ ఒకటి ప్రతి ఇంట్లో ఉండాల్సిందే. దాన్ని పెట్టి చూస్తే తప్పు స్పీకర్లదో కాదో తేలిపోతుంది. బ్లూటూత్‌ది ఈ పనికి పనికిరాదు. అసలు పక్క గదిలో మంచం మీద పడున్న బ్లూటూత్ ఇయర్‌బడ్సే మీ శబ్దాన్ని లాక్కుంటూ ఉండొచ్చు.

2. పచ్చ గీతలు

లోపాలు వెతికిపెట్టే విండోస్ ట్రబుల్‌షూటర్ నడపమని అందరూ చెబుతారు. నేను నడపను. అది చెప్పేదానికన్నా ఎక్కువ ఈ పచ్చ గీతలు చెబుతాయి.

ఏదైనా పాట పెట్టి, అది నడుస్తుండగానే కంట్రోల్ ప్యానెల్‌లో హార్డ్‌వేర్ అండ్ సౌండ్, అందులో సౌండ్ తెరవండి. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో స్పీకర్స్, మానిటర్ పేరు, ఇంకేవైనా ఉంటే అవీ వరుసగా కనబడతాయి. ఒక్కోదాని పక్కన చిన్న గీతల మీటరు ఉంటుంది. శబ్దం ఎటు పోతోందో అక్కడ గీతలు పచ్చగా ఎగిరిపడతాయి.

స్పీకర్స్ పక్కన ఎగురుతుంటే కంప్యూటర్ తన పని తాను చేస్తోంది. తప్పు చాలావరకు వైరులోనో స్పీకర్లోనో ఉంటుంది. మానిటర్ పక్కన ఎగురుతుంటే స్పీకర్స్ మీద నొక్కి 'సెట్ డిఫాల్ట్' కొట్టండి, పని అయిపోయింది. స్పీకర్స్ అసలు జాబితాలోనే లేకపోతే ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి 'షో డిజేబుల్డ్ డివైసెస్' టిక్ పెట్టండి. కనబడితే ఎనేబుల్ చేయండి.

ఎక్కడా గీత కదలకపోతే స్టార్ట్‌లో 'సర్వీసెస్' అని వెతికి, అందులో 'విండోస్ ఆడియో'ని రీస్టార్ట్ చేయండి. అప్పటికీ కదలకపోతేనే డ్రైవర్ (సౌండ్ చిప్‌తో విండోస్‌ని మాట్లాడించే సాఫ్ట్‌వేర్) దగ్గరికి వెళ్లాలి.

3. డ్రైవర్: ఇక్కడ తొందరపడొద్దు

జనం పాడుచేసుకునేది ఇక్కడే. ఏదో చదివి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోయి కనబడ్డదల్లా అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు.

దేన్నీ ముట్టుకోకముందే మీ ల్యాప్‌టాప్ లేదా మదర్‌బోర్డు కంపెనీ సైటుకి వెళ్లి, మీ మోడల్‌కి ఇచ్చిన ఆడియో డ్రైవర్ దించి పెట్టుకోండి. మోడల్ పేరు ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. స్టార్ట్‌లో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' తెరిచినా కనబడుతుంది. 'మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్కుతో' అని ఊరించే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. ఒక్కటి బాగుచేయబోయి నాలుగు చెడగొట్టినవి నేను చూశాను. తర్వాత ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి, తేడా వస్తే విండోస్‌ని ఇప్పుడున్న స్థితికి వెనక్కి తెచ్చుకోవచ్చు. రెండు నిమిషాల పని.

ఇప్పుడు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. 'సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్' కింద ఒకటికి మించి పేర్లుంటాయి. చాలా కంప్యూటర్లలో మీకు కావాల్సింది రియల్‌టెక్. ఎన్విడియా అనో డిస్‌ప్లే ఆడియో అనో ఉన్నవి హెచ్‌డీఎంఐ శబ్దానివి, వాటితో మీకు పనిలేదు.

రియల్‌టెక్ మీద డబుల్ క్లిక్ చేసి డ్రైవర్ ట్యాబ్‌కి వెళ్లండి. 'రోల్ బ్యాక్ డ్రైవర్' బటన్ వెలిగి ఉండి, శబ్దం పోయింది ఏదో అప్‌డేట్ తర్వాతే అయితే ముందు అదే నొక్కండి. బటన్ మసగ్గా ఉంటే పాత డ్రైవర్ దాచి లేదన్నమాట.

అదీ కుదరకపోతే అన్‌ఇన్‌స్టాల్. నొక్కగానే చిన్న పెట్టె వస్తుంది, అందులో డ్రైవర్‌ని కూడా తీసేయాలా అని ఒక టిక్ గడి ఉంటుంది. మొదటిసారి ఆ టిక్ పెట్టకండి. ఖాళీగా వదిలేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ ఉన్న డ్రైవర్‌నే మళ్లీ ఎక్కిస్తుంది, చాలాసార్లు అంతటితో పలుకుతుంది. పలక్కపోతే రెండోసారి టిక్ పెట్టి తీసేసి, రీస్టార్ట్ చేసి, ముందు దించిపెట్టుకున్నది ఎక్కించండి. నేనొకసారి ఏదీ దించకుండానే టిక్ పెట్టేశాను. విండోస్ తన మామూలు డ్రైవర్ వేసుకుంది. ల్యాప్‌టాప్ డబ్బాలోంచి మాట్లాడినట్టు పలికింది, సరైనది వెతకడానికి ఆదివారం మొత్తం పోయింది.

4. ఇంకా పలక్కపోతే

ల్యాప్‌టాప్ ఎప్పుడూ హెడ్‌ఫోన్ పెట్టినట్టే చూపిస్తుంటే, ఆ రంధ్రంలో పిన్ను నాలుగైదుసార్లు పెట్టి తీయండి. లోపలి స్విచ్ ఇరుక్కుని ఉండొచ్చు. డెస్క్‌టాప్ అయితే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) ఆన్‌బోర్డ్ ఆడియో, అంటే బోర్డు మీది సౌండ్ చిప్, ఆఫ్ అయిందేమో చూడండి.

అన్నీ అయ్యాక కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ ఒకటి తెచ్చి పెట్టండి. దాంట్లో పలికితే బోర్డు మీది సౌండ్ చిప్ పోయి ఉండొచ్చు. బోర్డు మార్పించకండి, ఆ అడాప్టర్‌తోనే లాగించండి. డెస్క్‌టాప్‌కి వెనక పోర్టులోనే పెట్టండి, ముందు పెడితే పిల్లల కాలు తగిలి విరుగుతుంది.