మధ్యాహ్నానికి బిగుసుకుపోయే సెంటర్‌బోర్డ్: కారణం ఎక్కడుంది, ఏం చేయాలి

తెరచాప పడవ పక్కకు జారిపోకుండా అడుగు నుంచి నీళ్లలోకి దించే పలకే సెంటర్‌బోర్డ్. అది కదలడం లేదనగానే చాలామంది పానా అందుకుంటారు. బోర్డు తిరిగే ఇరుసైన పివట్ బోల్ట్ విప్పి, ఇద్దరు ముగ్గురు కలిసి బోర్డును పైకి లాగుతారు. తీరా చూస్తే స్లాట్‌లోంచి, అంటే బోర్డు దిగే చీలికలోంచి, గులకరాయి రాలి పడుతుంది. దయచేసి ఏదైనా విప్పే ముందు పడవను పక్కకు వాల్చి, టార్చి వేసి, అడుగు నుంచి స్లాట్‌లోకి చూడండి. రెండు నిమిషాల పని. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చేయని పని కూడా ఇదే.

ఇక్కడ నేను చెప్పేది బోల్ట్ మీద తిరిగే చెక్క బోర్డు ఉన్న పడవల గురించి. ఎంటర్‌ప్రైజ్, జీపీ 14 లాంటివి. రెండూ జాక్ హోల్ట్ గీసిన డిజైన్లే, మొదటిది 1956 నాటిది, రెండోది 1949 నాటిది. మిర్రర్ అనే పడవలో ఉండేది పై నుంచి నిలువుగా దించే డ్యాగర్‌బోర్డ్, దాని లెక్క వేరు.

బోర్డు అసలు కదలదు

స్లాట్‌లో రాయో, బురదో, పాలిథిన్ సంచో ఇరుక్కుని ఉంటుంది. హుస్సేన్ సాగర్ లాంటి చెరువులో అయితే ముందు పాలిథిన్‌నే అనుమానించండి. పడవను తీరానికి లాగేటప్పుడు బోర్డు పూర్తిగా పైకి ఎత్తకపోయినా రాళ్లు లోపలికి ఎక్కుతాయి. పలుచని చెక్క బద్దను కింది నుంచి పోనిచ్చి కదిలించండి, పై నుంచి నీళ్లు పోయండి. స్క్రూడ్రైవర్ వాడొద్దు, కేస్ (పడవలో బోర్డు ఇమిడే ఇరుకు పెట్టె) లోపలి రంగు గీసుకుపోతే అక్కడి నుంచి చెక్క నీళ్లు తాగుతుంది. హ్యాండిల్ మీద నిలబడి తొక్కడం అసలే వద్దు. కేస్ అతుకు వదిలిందంటే ఆ లీకు ఆపడం పెద్ద పని.

కొంత దిగి ఆగుతుంది, నొక్కితే రబ్బరులా వెనక్కి తంతుంది

స్లాట్ అంచుల్లో ఉండే పట్టీ లోపలికి మడతపడింది. ఊడిన వైపు మళ్లీ బిగుతుగా లాగి అతికించండి. పాతబడి వంకర తిరిగి ఉంటే మార్చేయండి.

పొద్దున బాగానే ఉంటుంది, రెండు గంటలు తిప్పాక పట్టేస్తుంది, మళ్లీ ఆదివారానికి మామూలే

అందరినీ ఏడిపించేది ఇదే. పడవ ఒడ్డుకు చేరి, బోర్డు ఆరాక సమస్య దానంతటదే మాయమవుతుంది కాబట్టి కారణం దొరకదు. తప్పు తాడుదనో కప్పీదనో అనుకుని అవి మారుస్తూ పోతారు.

అసలు కారణం పివట్ రంధ్రం. బోర్డు రెండు ముఖాలకూ శ్రద్ధగా వార్నిష్ వేస్తారు, రంధ్రం లోపల మాత్రం పచ్చి చెక్కే. ఒకవేళ వేసినా బోల్ట్ రాపిడికి అది కొద్ది రోజుల్లో పోతుంది. రంధ్రం దగ్గర ప్లైవుడ్ పొరలన్నీ అడ్డంగా తెగి ఉంటాయి. తెగిన పోగుల కొసల నుంచి చెక్క నీళ్లను లాక్కున్నంత వేగంగా పక్క ముఖం నుంచి లాక్కోదు. పైగా ఆ భాగం ఎప్పుడూ కేస్ లోపలే ఉంటుంది, గాలి తగలదు, ఎండ తగలదు. వానాకాలంలో తలుపు ఉబ్బి గడపకు పట్టేసినట్టే, రంధ్రం చుట్టూ జానెడు మేర ఉబ్బి బోర్డు కేస్‌కు పట్టేస్తుంది. 20 మిల్లీమీటర్ల చెక్క అర మిల్లీమీటరు దాకా ఉబ్బొచ్చు. జిగురు వదిలి పొరలు విడితే ఒకటి రెండు మిల్లీమీటర్లు కూడా లేస్తుంది.

దీన్ని పట్టుకోవాలంటే తడి బోర్డునే కొలవాలి. నీళ్లలోంచి వచ్చిన వెంటనే, ఇంకా పట్టేసి ఉండగానే బోర్డు బయటికి తీసి, రంధ్రం దగ్గర, మధ్యలో, కొస దగ్గర క్యాలిపర్‌తో మందం చూసి రాసుకోండి. వారం ఆరాక అవే చోట్ల మళ్లీ కొలవండి. తేడా రంధ్రం దగ్గరే ఎక్కువగా ఉంటే ఇక వెతకక్కర్లేదు. క్యాలిపర్ లేకపోతే ప్లైవుడ్ ముక్కలో బోర్డు పొడి మందానికి సరిపోయే గాడి కోసి, అంచు వెంట జరుపుకుంటూ రంధ్రం దాకా పోనివ్వండి. ఎక్కడ ఆగితే అక్కడే ఉబ్బు. గాడి రంధ్రం అవతలి దాకా అందేంత లోతుగా ఉండాలి.

చాలామంది చేసే పని బోర్డంతా చిత్రిక పట్టేయడం. అలా చేయకండి. వార్నిష్ పోయి పచ్చి చెక్క ఇంకా బయటపడుతుంది, వచ్చే నెలకు మళ్లీ ఉబ్బుతుంది. పొడిగా ఉన్నప్పుడేమో వదులై కేస్‌లో టకటకా కొట్టుకుంటుంది.

సరైన పద్ధతి ఇది. బోర్డును నీడలో, రెండు వైపులా గాలి ఆడేలా నిలబెట్టండి. ఎండలో పెడితే వంగిపోతుంది. రెండు మూడు రోజులకోసారి తూకం వేయండి, బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. హైదరాబాద్‌లో ఈ పనికి ఏప్రిల్, మే నెలలు మంచివి, జూలైలో మొదలుపెడితే తేమ వదలదు. ఆరాక నాణెంతో తట్టి చూడండి. రంధ్రం చుట్టూ డొల్ల శబ్దం వస్తే పొరలు విడిపోయాయి, కొత్త బోర్డు చేయించుకోండి.

శబ్దం గట్టిగా ఉంటే రంధ్రం మధ్య బిందువుకు నాలుగు వైపులా పెన్సిల్ గీతలు దూరం దాకా గీయండి, తర్వాత అవే దిక్కు. 12 మిల్లీమీటర్ల బోల్ట్ అయితే రంధ్రాన్ని 24 దాకా పెంచండి. ముందు పలుచని ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెసిన్) చెక్కకు పట్టించి, వెనక టేపు వేసి, పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీతో నింపండి. పూర్తిగా గట్టిపడ్డాక గీతల ఆధారంగా అదే బిందువులో బోల్ట్ సైజుకు మళ్లీ తొలవండి. ఇప్పుడు బోల్ట్ రుద్దుకునేది ఎపాక్సీకే, చెక్కకు కాదు. ఉబ్బిన చోటు ఇంకా ఎత్తుగా ఉంటే అక్కడ మాత్రమే శాండ్‌పేపర్ పట్టి, అంచులతో సహా మూడు పూతల ఎపాక్సీ, దాని మీద వార్నిష్ వేయండి. వార్నిష్ మానొద్దు, ఎండకు ఎపాక్సీ పాడవుతుంది. చివరికి బోర్డుకు ఒక్కో వైపు ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ మిగిలితే నిశ్చింత.

బోల్ట్ బిగించిన రోజు నుంచే బిగుసుకుంది

లీకు ఆపాలని బోల్ట్ బిగిస్తూ పోతే కేస్ గోడలు లోపలికి వంగి బోర్డును పట్టేస్తాయి. లీకు ఆపాల్సింది రబ్బరు వాషర్లు. కొత్తవి వేసి, బోర్డు తేలిగ్గా తిరిగేంతవరకే బిగించండి.

ఇక బోర్డు వంగిపోవడం, కేస్ గోడ లోపల ఉబ్బడం అరుదు. సూటి బద్ద పెట్టి చూస్తే బోర్డు వంపు తెలిసిపోతుంది, వంగితే మార్చడమే. కేస్ గోడ ఉబ్బితే పడవను వడ్రంగికి చూపించండి.